జడలబర్రె జవాబులు

జనవరి 13

ఇందుమూలముగా కారా-బులున్ గ్రామ పాఠశాల బాయిలరు గదిలోని సమస్త ప్రాణులకు తెలియజేయడమేమనగా: నేటి నుండి ఈ గదిలోని ముక్కాలిపీట, మూతలేని కెటిలు, కిటికీ పక్కనున్న మేకు, ఈ మూడింటిపై సర్వాధికారములు జుమాకదిర్ అనబడే నాకే చెందును. పీటపై కూర్చున్నవారు లేవవలెను. మేకుకు టోపీ తగిలించినవారు తీసుకొనవలెను. పిల్లికి మాత్రము మినహాయింపు కలదు. ఈ ఉత్తర్వును ఎవరూ చదవరు కనుక ధిక్కరించే అవకాశం కూడా ఎవరికీ లేదు.

ఉత్తర్వు ఎందుకంటే, నాకు పదోన్నతి వచ్చింది. నిన్నటిదాకా బొగ్గు వేసేవాణ్ణి. ఈరోజు నుంచి బొగ్గు వేస్తూ ట్యాబులకు చార్జింగు కూడా పెడతాను. జిల్లా నుంచి ఆరో తరగతి లెక్కల కోసం ఒక పెట్టెడు ట్యాబులు వచ్చాయి. చలికి వాటి బ్యాటరీలు చచ్చిపోతాయట. బడి మొత్తంలో వెచ్చగా ఉండి తాళం పడే గది నాదే. పైగా ఒకప్పుడు రేడియోలు బాగుచేశాను. అందులో సగం మళ్లీ పలకలేదన్న సంగతి హెడ్మాస్టరు ఓసోర్‌కు గుర్తులేదు.

ఈ ట్యాబుల తీరు వేరు. పిల్లలు జవాబు రాస్తే చాలదు. కింద ‘ఎందుకు’ అని ఒక గడి ఉంటుంది. అందులో రాయాలి, లేదా బొమ్మ గీయాలి. అది నింపకపోతే జవాబు కదలదు. అందరి జవాబులూ ఒకేసారి గోడ మీద పడతాయి, కానీ పేర్లు ఉండవు. ఒకరు నక్క, ఒకరు గద్ద, ఒకరు ఉడుము. ఎవరిది తప్పో తెలియదు కాబట్టి ఎవరికీ సిగ్గు ఉండదని లెక్కల టీచరు సాయ్‌కల్ చెప్పింది. జవాబు చెప్పినవాణ్ణి పట్టుకుని మళ్లీ ఎందుకు అని అడగడం నాకు తెలిసి పోలీసులే చేస్తారు.

మార్చిలో కొత్త సంవత్సరాది నూరూజ్ పండుగకు ముందు జిల్లా వాళ్లు బహిరంగ పాఠం చూడటానికి వస్తారట. పిల్లలు నోరు విప్పి ఆలోచిస్తున్నట్టు కనబడితే ట్యాబులు ఇక్కడే ఉంటాయి, లేకపోతే జిల్లా బడికి వెళ్లిపోతాయి. హెడ్మాస్టరు పొద్దుట్నుంచి ఇదే పాట.

పోతే పోనీ. నాకేం.

జనవరి 15

తెర పగిలిన ట్యాబు ఒకటి మిగిలింది. పిల్లలెవరికీ ఇవ్వలేదు. అది నా దగ్గరే. తెరిస్తే జడలబర్రె బొమ్మ వచ్చింది.

జనవరి 16

నా గదికీ ఆరో తరగతికీ మధ్య ఉన్నది చెక్క గోడ. అందులో ఒక పలక ఎండి పగిలింది. అక్కడ కన్ను పెడితే గోడ మీద తెర మొత్తం కనబడుతుంది. చెవి పెట్టనక్కర్లేదు.

ఈరోజు లెక్క: పన్నెండు మాంసం ముక్కలు, ఎనిమిది మంది అతిథులు, ఒక్కొక్కరికి ఎంత? లోపల అంతా నిశ్శబ్దం. కలాల బదులు వేళ్లు పట్టుకుని కూర్చున్న పంతొమ్మిది మంది. టీచరు అటూ ఇటూ తిరుగుతోంది. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. పగిలిన ట్యాబు తీసి జడలబర్రె పేరున పంపాను: ‘సమానంగా పంచడం కుదరదు. తుంటి ఎముక ముక్క అందరికంటే పెద్దవాడికి పోవాలి. కుర్రవాడికి, ముసలాయనకు ఒకటే ముక్క పెడితే ముసలాయన లేచి గుర్రమెక్కి వెళ్లిపోతాడు. అప్పుడు అతిథులు ఏడుగురే.’

లోపల కోలాహలం. నిజమేనని కొందరు, లెక్కల్లో పెద్దా చిన్నా ఉండరని కొందరు. తరగతిలో అన్నీ తెలిసినవాడు ఎల్దియార్ ఒకడున్నాడు, ఒకటిన్నర ఒకటిన్నర అని గొంతు చించుకున్నాడు. ముక్కలు సమానమని లెక్కలో ఎక్కడ చెప్పారని ఇంకొకతె అడిగింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

వేళాకోళానికి రాశాను. ఒకటిన్నర అని నాకు తెలియదా ఏమిటి. కావాలనే రాశాను.

జనవరి 22

మూడింట రెండు వంతులా, అయిదింట మూడు వంతులా, ఏది పెద్దది? జడలబర్రె జవాబు: అయిదింట మూడు. ఎందుకు: పైనా పెద్ద అంకె, కిందా పెద్ద అంకె, ఇంకేం కావాలి?

కావాలనే.

పిల్లలు రొట్టెలు గీశారు. గుండ్రటి రొట్టె బదులు పొడుగు రొట్టె గీయమని టీచరు చెప్పింది. రెండు రొట్టెలూ పక్కపక్కన పెట్టి, మొదటిదాన్ని మూడుగా, రెండోదాన్ని అయిదుగా కోశారు. అప్పుడు తెర మీద ఉడుము నుంచి ఒక బొమ్మ వచ్చింది. ఒక్క మాట లేదు. రెండు రొట్టెల్లోనూ మిగిలిన ముక్కలకు మాత్రం నల్లరంగు వేసి ఉంది. మొదటిదాంట్లో మిగిలింది చిన్నగా ఉంది. మిగిలింది చిన్నదైతే తిన్నది పెద్దది కదా.

ఆ ఉడుము ఎవరో నాకు తెలుసు. ట్యాబులు పంచేది నేనే. జిపార్. గొర్రెల కాపరి కూతురు, చలికాలం మేనత్త ఇంట్లో ఉంటుంది. సెప్టెంబరు నుంచి ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు.

ఇంటికెళ్లి నాన్ రొట్టె కోశాను. పొయ్యి దగ్గర నిలబడి రెండుసార్లు కోశాను. నాకు ఆకలేసింది, అంతే.

జనవరి 23

బొగ్గు తడిగా ఉంది. ఇంకేం లేదు.

జనవరి 30

ఈ ఇంట్లో నాకు శాంతి లేదు.

ఈరోజు లెక్క: ఒక కాపరి మంద వేసవిలో అయిదోవంతు పెరిగింది, చలికాలం వచ్చేసరికి ఉన్నదాంట్లో అయిదోవంతు పోయింది. మంద మొదట ఉన్నంతే ఉందా? జడలబర్రె రాసింది: ఉంది. ఎందుకు: వచ్చింది అయిదోవంతు, పోయింది అయిదోవంతు. తోడేలు బాకీ తీర్చుకుంది.

పిల్లలు నవ్వారు, తర్వాత కాదన్నారు. నాకు కోపం వచ్చింది. కోపం ఎందుకో తెలియదు, తప్పు కావాలనే రాశాను కదా. పారతో బాయిలరు తలుపును అంత గట్టిగా కొట్టాల్సింది కాదు.

ఇంటికెళ్లి గుడ్డ పరిచి కురుత్ ఉండలు పేర్చాను. మా ఆవిడ ఉర్కుయా వేసవిలో ఎండబెట్టిన పెరుగు ఉండలు. ఇరవై అయిదు పెట్టాను. అయిదోవంతు అంటే అయిదు కలిపాను, ముప్ఫై. అందులో అయిదోవంతు తీశాను. లెక్కపెడితే ఒకటి తక్కువ. మళ్లీ మొదటి నుంచి పేర్చాను. మళ్లీ ఒకటి తక్కువ. ఉర్కుయా పక్కనే కూర్చుని ఉన్ని దువ్వుతోంది. ఎందుకు తిన్నావని అడిగాను.

“కురుత్ తింటే నాకు దవడ నొప్పని ఇన్నేళ్లుగా చెప్తూనే ఉన్నాను,” అంది. “పిల్లిని అడుగు. లేదంటే నీ బుర్రనడుగు.”

పిల్లిని అనుమానంగా చూశాను. మూడోసారి పేర్చేటప్పుడు తట్టింది. రెండో అయిదోవంతు ముప్ఫైలోది, ఇరవై అయిదులోది కాదు. ఆ అయిదోవంతు లావెక్కింది. పోయింది ఆరు.

బూజు పట్టాయేమో చూస్తున్నానని ఉర్కుయాతో చెప్పాను. బూజు చూడటానికి వరసలు ఎందుకని అడగలేదు. అడగని ఆడదానితో కాపురం చాలా కష్టం.

ఫిబ్రవరి 6

హెడ్మాస్టరు టీలో ఉప్పు వేశాను. రుచి కూడా తెలియకుండా తాగేశాడు. మనసులో ఏదో పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 9

మనసులో పెట్టుకున్నది ఇది: బహిరంగ పాఠం కోసం పిల్లలచేత వల్లె వేయిస్తాడట. గుర్రం లెక్క ఎంచుకున్నాడు. కొండ కనుమ దారి ఎక్కడం పన్నెండు కిలోమీటర్లు, దిగడమూ పన్నెండే; ఎక్కేటప్పుడు గుర్రం గంటకు ఆరు, దిగేటప్పుడు పన్నెండు. మొత్తం మీద సగటు వేగం ఎంత? ఎనిమిది. ‘ఎందుకు’ గడిలో రాయాల్సిన వాక్యం కూడా తానే చెప్పాడు. సాయ్‌కల్ టీచరు వద్దన్నదట. అలా అయితే ఆ పెట్టె ఎందుకు, నల్లబల్ల చాలు అన్నదట. హెడ్మాస్టరు తన ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో బహిరంగ పాఠం అంటే ఇదేనని, తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తేవాళ్లని, తనిఖీ వాళ్ల ముందు ఎప్పుడూ కుడిచేతివాళ్లనే లేపేవాళ్లమని చెప్పాడట.

నా చిన్నప్పుడు కూడా అంతే. నాకెప్పుడూ ఎడమచెయ్యే. ఏడో తరగతిలో ఒకసారి కుడిచెయ్యి ఎత్తి ‘అలా ఎందుకవుతుంది’ అని అడిగాను. చెవి పట్టుకుని బయట నిలబెట్టారు. ఇక లోపలికి వెళ్లలేదు. బయటే బాగుంది, గుర్రాలున్నాయి.

ఫిబ్రవరి 12

లెక్క తప్పలేదు ఈరోజు. కూర్చోలేకపోయాను. బాయిలరు చుట్టూ తిరిగాను. జడలబర్రె జవాబు సరైనదే వచ్చింది, పొరపాటున. పిల్లలు దానికి చప్పట్లు కొట్టారు. ఈ వయసులో ఇదేం గోల.

ఫిబ్రవరి 17

దొరికిపోయాను.

సాయ్‌కల్ టీచరు పాఠం అయ్యాక తిన్నగా నా గదికి వచ్చింది. నా కంటే చాలా చిన్నది, అయినా వచ్చినప్పుడు పీట మీంచి లేచాను. ఎందుకు లేచానో. ఉత్తర్వు నాదే కదా.

“బైకె,” అంది, పెద్దన్నను పిలిచినట్టు, “నా తరగతిలో పంతొమ్మిది మంది. గోడ మీద ఇరవై జవాబులు. జడలబర్రె మీరేనా?”

ఏదో సరదాకి రాశానని చెప్పాను. పిల్లలు నిద్రపోతున్నారు, కాస్త గిల్లాను.

“అన్నీ కావాలనే తప్పు రాశారా?”

“మరి? మూడింట రెండు కూడా తెలియని మనిషిలా కనబడుతున్నానా, ముగాలిమ్?” ఊరంతా టీచరును అలాగే పిలుస్తారు.

ఆవిడ నా వైపు చూడలేదు. బల్ల మీద చూసింది. అక్కడ కురుత్ ఉండలు వరసలుగా ఉన్నాయి. నాలుగు వరసలు, ఒక్కోదాంట్లో ఆరు. చివర ఒకటి విడిగా. తినడానికి తెచ్చుకున్నానని చెప్పాను.

తర్వాత విషయం చెప్పింది. ఈ మధ్య జిల్లాలో లేని పిల్లల పేర్లు రాసి జీతాలు తిన్న బళ్లు దొరికాయి. తనిఖీకి వచ్చే కెన్జెగూల్ సుల్తానోవ్నా ముందు తలలు లెక్కపెడుతుంది, తర్వాతే నమస్కారం పెడుతుంది. ఒక జవాబు ఎక్కువైతే ట్యాబులే కాదు, హెడ్మాస్టరు, తను కూడా పోతారు. ఆ ఒక్కరోజు జడలబర్రె కొండెక్కి మేయాలి.

మాటిచ్చాను.

“మిగతా రోజులు?” అని అడిగాను.

“మిగతా రోజులు వస్తూనే ఉండాలి,” అంది. “జిపార్ దానితోనే మాట్లాడుతుంది, బొమ్మలతో.”

మార్చి 3

రోజూ గుర్రం. గుర్రం ఎనిమిది, గుర్రం ఎనిమిది. గోడ అవతల పిల్లలు పాట పాడినట్టు చెబుతున్నారు. ‘మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించగా.’ నాకు నిద్రలో కూడా వినబడుతోంది. బొగ్గు వేస్తుంటే పార కూడా అదే అంటోంది.

ఆరుకూ పన్నెండుకూ మధ్య తొమ్మిది. ఎవరిని అడిగినా తొమ్మిది.

నాకు తెలుసనుకోండి.

మార్చి 9

ఉర్కుయాను అడిగాను. తొమ్మిది అంది. తర్వాత, ఎక్కే గుర్రానికి దారిలో గడ్డి పెట్టారా అని అడిగింది. లెక్కలో లేదన్నాను. అలాంటి లెక్క చెప్పినవాడికి గుర్రం ఇవ్వకూడదంది.

మార్చి 17

రేపే. పెట్టె వెళ్లిపోతే ఈ గదిలో బొగ్గు, పిల్లి, నేను మిగులుతాం. మునుపు అంతే ఉండేవాళ్లం, ఎవరూ చావలేదు. బూట్లు తుడిచాను. ఎందుకు తుడిచాను, గోడ వెనక ఉండేవాడి బూట్లు ఎవరు చూస్తారు.

మార్చి 18

ముందు నుంచి రాస్తాను.

కెన్జెగూల్ సుల్తానోవ్నా ఎత్తైన మనిషి, గొంతు తక్కువ. నిజంగానే తలలు లెక్కపెట్టింది. వెనక వరసలో కూర్చుంది. హెడ్మాస్టరు ఆమె పక్కన, ఒళ్లంతా చెమట. టీచరు గుర్రం లెక్క తెర మీద పెట్టింది. నిమిషం తిరక్కుండా గోడ మీద పంతొమ్మిది జవాబులు. అన్నీ ఎనిమిది. ‘ఎందుకు’ గడుల్లో పంతొమ్మిది సార్లు ఒకే వాక్యం. నక్క, గద్ద, ఉడుము, అందరిదీ ఒకే వాక్యం, చివర ఒకే చుక్క.

కెన్జెగూల్ కళ్లద్దాలు తీసేసింది. తీయడం పలక సందులోంచి చూశాను. “చాలా బాగా నేర్చుకున్నారు,” అంది. “ఇది చేయడానికి ట్యాబులు అక్కర్లేదు కదా, ముగాలిమ్. గట్టి గొంతు చాలు.” పుస్తకం మూసింది. సాయ్‌కల్ టీచరు బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

మాటిచ్చాను. మాటిచ్చిన సంగతి గుర్తుంది. ట్యాబు చేతిలోకి ఎలా వచ్చిందో గుర్తులేదు.

జడలబర్రె రాసింది: ‘తొమ్మిది. ఆరు, పన్నెండు, రెండింటికీ సరిగ్గా నడుమ తొమ్మిది ఉంది. అంతా ఎనిమిది ఎనిమిది అంటారు, తొమ్మిది ఎందుకు కాదో ఒక్కరూ చెప్పరు. ఆ ఒక్క కిలోమీటరు ఎవరు తిన్నారు?’

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఎల్దియార్ లేచి, ఇరవై నాలుగును మూడుతో భాగిస్తే ఎనిమిదే అన్నాడు. అది సరే, మరి తొమ్మిది ఎందుకు కాదని వెనక పిల్ల వాణ్ణే అడిగింది. వాడు మళ్లీ ఇరవై నాలుగు అన్నాడు. అది జవాబు కాదని నలుగురు అరిచారు. హెడ్మాస్టరు చెయ్యి ఎత్తాడు, ఎవరూ చూడలేదు. వల్లె వేసిందంతా గాలికి పోయింది. ఒకడు కిటికీ మంచు మీద కొండ గీశాడు.

అప్పుడు జిపార్ లేచింది. ట్యాబులో గీయలేదు. లేచింది. గొంతు బొంగురుగా ఉంది, వాడని గొంతు అలాగే ఉంటుంది.

“ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. దిగడానికి ఒకటే,” అంది. “గుర్రం ఎక్కువసేపు నెమ్మదిగానే నడిచింది. రెండు గంటలు ఆరు, ఒక గంట పన్నెండు. అందుకే నడుమ ఉండదు, ఆరు వైపుకి జరుగుతుంది.” తర్వాత తెర వైపు తిరిగి, ఆ బొమ్మతో చెప్పింది: “ఎవరూ తినలేదు. నువ్వు గంటల్ని లెక్కపెట్టలేదు.”

ఇక్కడ నేను పార వదిలేశాను. చప్పుడైంది.

కెన్జెగూల్ కళ్లద్దాలు పెట్టుకుని గోడ మీద జవాబులు లెక్కపెట్టింది. “ఇరవయ్యోది ఎవరిది?” అని అడిగింది. “లేని పిల్లలు ఎలా పుడతారో నాకు బాగా తెలుసు, ఓసోర్ గారూ.” హెడ్మాస్టరు ముఖం సున్నంలా అయింది. సాయ్‌కల్ టీచరు నోరు తెరిచింది. ఆవిడ ఏం చెప్పబోయిందో తెలియదు, ఆలోగా నేను తలుపు తోసుకుని వెళ్లాను. బొగ్గు ముఖం, తుడిచిన బూట్లు. టోపీ తీసి వంగి దండం పెట్టాను.

జడలబర్రెను నేనే అన్నాను. పిల్లల పట్టీలో లేను, జీతం బొగ్గుకే తీసుకుంటున్నానన్నాను. పిల్లలు ఆలోచించాలని కావాలనే తప్పులు రాస్తాను, ఇది మా పద్ధతి అన్నాను. పిల్లలు బల్లల మీద పడి నవ్వారు. జిపార్ ఒక్కతీ నవ్వలేదు, నన్నే చూస్తూ ఉండిపోయింది.

“అంటే ఎనిమిది ఎందుకో మీకు ముందే తెలుసు,” అంది కెన్జెగూల్.

తెలుసన్నాను.

మార్చి 19

ట్యాబులు ఉంటాయి. కాగితం వచ్చింది. అందులో ‘ఉద్దేశపూర్వక దోషం ద్వారా తర్కాన్ని రేకెత్తించే పద్ధతి’ అని ఉంది. అది నేనట. ప్రతి పాఠానికీ ఒక తప్పు తయారుచేసి ఇవ్వాలని హెడ్మాస్టరు ఉత్తర్వు. నా ఉత్తర్వులంత అందంగా లేదు.

మార్చి 21

నూరూజ్. ఉర్కుయా గోధుమ మొలకల సుమొలొక్ కలుపుతూ, ఊళ్లో అందరూ నన్ను తెలివైనవాడు అంటున్నారని చెప్పింది. “వాళ్లకి కురుత్ సంగతి చెప్పమంటావా?” అని అడిగింది. గరిటె లాక్కుని నేనే కలిపాను.

ఏప్రిల్ 2

పొలం పొడవు, వెడల్పు రెండూ రెండింతలు చేస్తే వైశాల్యం ఎన్నింతలు? నాకిప్పుడు తెలుసు, నిన్న గవ్వలు పేర్చి చూశాను. నాలుగింతలు. తప్పు రాయాలి. కూర్చున్నాను, లేచాను, కెటిలు పెట్టాను, దించాను. చివరికి పదిహేడింతలు అని రాశాను. ఎందుకు: పొలం వానలో నానింది.

ఎవరూ వాదించలేదు. ఎల్దియార్ ఆవులించాడు. జడలబర్రెకు ఒంట్లో బాగాలేదా అని ఎవరో అడిగారు.

“ఇది జడలబర్రె కాదు,” అంది జిపార్ గొంతు. ఇప్పుడు ఆ గొంతు రోజూ వినబడుతోంది. “అది తప్పు రాసినా దానికి ఒక కారణం ఉంటుంది. దీనికి లేదు. ఎవరో దాని తోలు కప్పుకున్నారు.”

ఏప్రిల్ 3

ఇంకో తప్పు ప్రయత్నించాను. అంతకంటే దరిద్రం.

ఏప్రిల్ 4

పాఠం అయ్యాక సాయ్‌కల్ టీచరు వచ్చింది. పీట చూపించాను, కూర్చుంది. ట్యాబు ఇచ్చేస్తానన్నాను. ఈ పద్ధతి నాకు చేతకావడం లేదు, తప్పులు అయిపోయాయి అన్నాను. ఇదీ సరదాగానే అన్నాను.

ఆవిడ ట్యాబు తీసుకోలేదు.

“సోమవారం నుంచి మైనస్ అంకెలు మొదలుపెడుతున్నాను,” అంది. “మైనస్‌ని మైనస్‌తో గుణించడం. ముందుగా ఏమీ పేర్చి చూడకండి, బైకె. మీకు నిజంగా ఎలా తోస్తే అలాగే రాయండి. ఎప్పటిలాగే.”

ఎప్పటిలాగే అంది. వెళ్తూ బల్ల మీంచి కురుత్ ఒకటి తీసి నోట్లో వేసుకుంది.

మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ఇంకా పెద్ద మైనస్ వస్తుంది. రెండు అప్పులు కలిస్తే ఆస్తి ఎలా అవుతుంది? సోమవారం ఇదే రాస్తాను. వాళ్లు కాదని ఎలా చెబుతారో చూస్తాను. ఇంకా రెండు రోజులుంది, మధ్యలో ఈ ఆదివారం ఎందుకు పెట్టారో.

ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం దేనికి. ఉప్పు టీ నిజం, కురుత్ నిజం, పిల్లి నిజం. జనవరి నుంచి ప్రతి తప్పు పక్కనా ‘కావాలనే’ అని రాశాను కదా, అదొక్కటే నేను కల్పించినది. మాంసం ముక్కల దగ్గర నుంచి గుర్రం దాకా, ఒక్కటి కూడా కావాలని రాయలేదు.